నాంచారి వేషం, కోటమ్మ క్యారేజీ

అనగా అనగా, రాజుల కాలం పోయి సినిమాల కాలం వచ్చాక, మద్రాసులో ఒక వీధి. ఆ వీధిలో ఒక అత్త, ఒక కోడలు. అత్త కోటమ్మ, కోడలు నాంచారి. కోటమ్మ కొడుకు ఏడుకొండలు సినిమావాళ్ళ దగ్గర లైట్లు మోసేవాడు. ఒరేయ్ చిన్నాడా, కాలు తియ్యి, చెల్లి మీద వేశావు. ఊ కొట్టండి మరి, గోడకి చెప్పనా నేను?

మొగుడికి అన్నం పట్టుకెళ్ళిన నాంచారిని ఎవరో చూసి, ఈ అమ్మాయి కళ్ళు బావున్నాయే అని గుంపులో నిలబెట్టారట. అదే మొదలు. బిందె పట్టుకో అంటే బిందె పట్టుకుంది, బుట్ట పట్టుకో అంటే బుట్ట పట్టుకుంది, చీపురు పట్టుకో అంటే చీపురు పట్టుకుంది. మాట్లాడు అని మాత్రం పన్నెండేళ్ళు ఎవరూ అనలేదు. ఓర్పుగల పిల్ల. రోజూ అద్దం ముందు నిలబడి రాణిలా నవ్వేది, దాసీలా ఏడ్చేది, నా రోజు నాకూ వస్తుందిలే అనుకునేది.

వచ్చింది. ఒక డైరెక్టరు పిలిచి పెద్ద వేషం ఇస్తానన్నాడు. ఊరందరికీ వండిపెట్టి, తను తినక, జబ్బుపడి చచ్చిపోయే ఇల్లాలి వేషం. నాంచారి గంతేసింది. కోటమ్మ కుదరదు గాక కుదరదంది.

ఆవిడది మొండితనం అనుకునేరు, కాదు. ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టి, నాలుగోవాణ్ణి గుండెలకి హత్తుకుని పెంచిన మనిషి. ఇంట్లో చావు అనే మాట ఎవరన్నా ఎత్తితే నోటిమీద కొట్టేది. అలాంటిది నా కోడలు నా కళ్ళముందు పాడె ఎక్కడమా అని మూల కూర్చుని ముక్కు చీదింది. భయంరా అది. భయపడ్డవాళ్ళే గట్టిగా అరుస్తారు, మీ తాతని చూడలేదూ.

నాంచారి ఏడవలేదు, అలగలేదు. సినిమాల్లో ఒక ఆచారం ఉంది అత్తయ్యా, చచ్చే వేషం వేసినవాళ్ళు చివర్లో కళ్ళు తెరిచి కెమెరా వంక చూసి నవ్వాలి, దాంతో దోషం పోతుంది, ఆ నవ్వు ముక్క తర్వాత కత్తిరించేస్తారు అని చెప్పింది. మీరే వచ్చి ఎదురుగా కూర్చోండి, నేను నవ్వకపోతే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చెయ్యండి అంది. కోటమ్మ రెండు రోజులు సణిగి సరేనంది. క్యారేజీలో పప్పన్నం పెట్టుకుంది, కొంగున ఉప్పూ మిరపకాయలూ కట్టుకుంది, బయల్దేరింది.

నిర్మాత పాపం చితికిపోయినవాడు. మిగిలిన ఫిల్ము ఆ ఒక్క సీనుకే సరిపోతుందిట. చెడితే మళ్ళీ తియ్యడానికి లేదు. ఈ వేషం పోయిందా, నాంచారికి మళ్ళీ బిందే గతి. ఊ కొడుతున్నారా? ఇక్కడ నిద్రపోయారో, మిగతా కథ నేనే తినేస్తాను.

లైట్లు వేశారు. నాంచారి మంచం మీద పడుకుంది. దగ్గింది, చెయ్యి చాపింది. మాట ఆగింది, చూపు ఆగింది, ఊపిరి ఆగింది. లైటు పట్టుకున్న మొగుడే, నాంచారీ అని పిలవబోయాడట. ఇంక కోటమ్మకి అది వేషమన్న సంగతే గుర్తులేదు. క్యారేజీతో సహా పరుగెత్తి మంచం మీద పడింది. లేవే నా తల్లీ, పొద్దుట్నుంచీ అన్నం తినలేదే నువ్వు, లేవే అని గొల్లుమంది.

నిర్మాత నెత్తి పట్టుకున్నాడు. డైరెక్టరు ఆపమనడం మరిచి కుర్చీలోంచి లేచాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ అత్త ఈ కోడల్ని ఒక్కసారైనా తల్లీ అని పిలిచింది లేదు. నాంచారి మూసిన కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. కళ్ళు తెరిచింది. కెమెరా వంక కాదు, అత్తగారి వంక చూసి నవ్వింది. తింటానత్తయ్యా, పెట్టండి అంది.

మళ్ళీ తీద్దామంటే ఫిల్ము లేదు. దాన్నే చివర అతికించారు, చచ్చే కథ కాస్తా బతికే కథ అయి కూర్చుంది. ఇంక చూడండి నా సామిరంగా. తెనాలిలో జనం, బందరులో జనం, నెల్లూరులో జనం. అత్తలు కోడళ్ళని వెంటబెట్టుకెళ్ళారు, కోడళ్ళు అత్తల్ని లాక్కెళ్ళారు. ఢిల్లీకి పిలిచి, దేశం మొత్తానికి నువ్వే మంచి నటివమ్మా అని పతకం ఇచ్చారు. నాంచారి తెచ్చి అత్తగారి మెళ్ళో వేసింది. కోటమ్మ తడిమి చూసుకుని, ఇది సరేగానీ అక్కడ భోజనం పెట్టారా లేదా అని అడిగిందిట.

ఆపైన ఇరవయ్యేళ్ళు నాంచారిదే రాజ్యం. రాణి అయింది, రాక్షసి అయింది, జడ్జీ అయింది. బీరువా నిండా బహుమానాలే. చచ్చే సీను ఉన్న రోజు మాత్రం కెమెరా పక్కన కోటమ్మకి ముందే పీట వేసేవాళ్ళు. ఆవిడ కలిపి పెట్టిన ముద్ద తిన్నాకే అందరూ ఇళ్ళకి.

ఒకనాడు కోటమ్మకే జబ్బు చేసింది. నాలుగు రోజులు కన్ను తెరవలేదు. డాక్టరు పెదవి విరిచాడు. రాణి వేషంలో ఉన్న నాంచారి కిరీటంతోనే పరుగెత్తుకొచ్చింది, పప్పన్నం కలిపింది, మంచం మీద కూర్చుంది. లేవే నా తల్లీ, అన్నం తినలేదే నువ్వు, లేవే అంది. అత్తగారిని అలా పిలవచ్చా అనకండి, అప్పుడు పిలవచ్చు.

కోటమ్మ కన్ను తెరిచింది. కిరీటం వంక చూసింది, ముద్ద వంక చూసింది, ఆవకాయ వేశావా అని అడిగింది. వేసింది, తినిపించింది. కోటమ్మ లేచి కూర్చుంది, ఇంకో తొమ్మిదేళ్ళు క్యారేజీ పట్టుకుని షూటింగులకి తిరిగింది.

అంచేత అమ్మలూ, ఇంట్లో పెద్దవాళ్ళు భయపడితే కసురుకోకండి, పీట వేసి పక్కన కూర్చోబెట్టుకోండి. కథేమో కంచి బస్సెక్కింది, మనమేమో దుప్పట్లోకి. రేపు పొద్దున్న పళ్ళెంలో ముద్ద వదిలేశారో, కోటమ్మని పిలుస్తాను.