చలిదేశపు గడ్డి, గుమ్మడి వడియాలు

ఎర్రమిట్ట అనే ఒకానొక రాజ్యంలో ఎండ ఎక్కువ, నీడ తక్కువ. రాజుగారి గొప్పలు మాత్రం ఎండకంటే కూడా ఎక్కువ. ఆయన పేరు ప్రచండ భూపతి. మనసు మంచిదే. కానీ పొరుగు రాజు దగ్గర గుప్పెడంత వస్తువు చూస్తే తన దగ్గర గంపెడంత ఉండాలనేవాడు.

ఒక ఏడాది ఆయన ఉత్తరాన మంచుకొండల పక్కనున్న రాజుగారింటికి పెళ్ళికి వెళ్ళాడు. అక్కడ కోట ముందు పచ్చిక ముఖమల్ గుడ్డ పరిచినట్టు ఉంది. ఆ రాజు మీసాల్లో నవ్వుకుంటూ, "మీ వైపు ఇలాంటిది ఎక్కడ మొలుస్తుంది లెండి! మీకు దుమ్మే తివాచీ కదా" అన్నాడు.

అంతే. ప్రచండ భూపతి ముఖం ఎర్రబడింది. "వచ్చే దసరాకు మా కోటకు దయచేయండి. మా పెరటి పచ్చిక చూశాక మాట్లాడుకుందాం" అని మాట ఇచ్చేసి వచ్చాడు. వస్తూ వస్తూ ఆ చలిదేశపు గడ్డి విత్తనాలనూ, వాటిని పెంచడం తెలుసన్న మార్కండ శాస్త్రినీ వెంటబెట్టుకు వచ్చాడు. శాస్త్రిగారికి తృణకేసరి అని బిరుదు. ఎవరిచ్చారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పుష్యమాసపు చలిలో గడ్డి బాగానే మొలిచింది. రాజుగారు రోజుకు మూడుసార్లు మేడ మీది నుంచి చూసి మురిసిపోయాడు. ఎవరూ దాని మీద కాలు పెట్టరాదని ఆజ్ఞ వేశాడు. గోరువంకలు ముక్కులతో పొడిచి గుంటలు చేస్తున్నాయని వాటిని తరమడానికి రాళ్ళు విసిరే వడిసెలలు ఇచ్చి నలుగురు కావలివాళ్ళను పెట్టాడు. కప్పలు చూడ్డానికి బాగాలేవని గంపలకెత్తించి కందకం అవతల పారబోయించాడు. మధ్యలో మన నాటుగరిక తల ఎత్తితే తోటమాలి సింగన్న తెల్లవారకముందే పీకి, వెనక గోడ మూల చెత్తకుప్ప మీద పడేయాలి.

చైత్రం వచ్చింది. ఎండ ముదిరింది. రోజుకు నలభై కావళ్ళ నీళ్ళు పోసినా చలిదేశపు గడ్డి పసుపు రంగుకు తిరిగింది. ఆ పైన మచ్చలు మచ్చలుగా ఎండి, పాత చాపలా తయారైంది.

నిండు సభలో రాజుగారు పిడికిలితో సింహాసనం చేతిని గుద్దాడు. "శాస్త్రీ! ఏమిటిది?"

మార్కండ శాస్త్రి శాలువా సర్దుకున్నాడు. "గడ్డి తప్పు కాదు ప్రభూ. ఈ నేలలోని క్రిములది. చీమలు, చెదలు, వేరుపురుగులు. అవి ఉన్నంతకాలం ఉత్తమజాతి తృణం బతకదు. నా దగ్గర సర్వక్రిమిసంహార చూర్ణం నాలుగు బస్తాలుంది. పెరడంతా గోడ నుంచి గోడ దాకా చల్లిస్తే మూడోనాటికి ఒక్క పురుగు మిగలదు."

సభలో ఒక పక్కన కూర్చున్న కోనప్ప తల ఎత్తాడు. కోనప్ప ఆ కొలువులో చమత్కారి. ఎక్కడో సముద్రపు ఒడ్డు ఊరి నుంచి భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని ఇంత దూరం వచ్చి స్థిరపడ్డాడు. సభలో అందరినీ నవ్వించేవాడే గాని, ఇంట్లో మాత్రం ప్రతిదానికీ బెంగపడేవాడు. పిల్లవాడు రెండుసార్లు దగ్గితే ఇది మామూలు దగ్గేనా అని అడగడానికి పెద్దవాళ్ళెవరూ దగ్గర లేరు. వాళ్ళ ఊరు మూడు వారాల బండి ప్రయాణం. అందుకని ఏ సంగతైనా ఒకటికి రెండుసార్లు తనే చూసుకునేవాడు.

కోటలో పనిచేసేవాళ్ళ పిల్లలందరూ సాయంత్రం ఆడుకునేది ఆ పెరటి వెనక గోడ మూలనే. వాళ్ళలో కోనప్ప కూతురు చామంతి ఉంది. నేల మీద ఏది కనిపించినా నోట్లో పెట్టుకునే వయసు కొడుకు అప్పన్న కూడా ఉన్నాడు.

"శాస్త్రులవారూ, చిన్న సందేహం" అన్నాడు కోనప్ప. "ఏది పురుగో, ఏది కాదో ఆ చూర్ణానికి ఎవరు చెబుతారు?"

సభ గొల్లున నవ్వింది. శాస్త్రి నవ్వలేదు. "అది మనుషుల జోలికి రాదు. చంటిబిడ్డ దాంట్లో దొర్లినా ఏమీ కాదు."

"దాంట్లో ఏం కలిపారో సెలవిస్తారా?"

"అది శాస్త్ర రహస్యం."

రాజుగారు చెయ్యి ఎత్తాడు. "చాలు కోనప్పా! నీ వెటకారాలకు ఇది సమయం కాదు. ఈ పని నువ్వే దగ్గరుండి చేయించు. రేపు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేముందు నేను మేడ మీది నుంచి చూస్తాను. పెరడంతా పాలు ఒలికినట్టు తెల్లగా కనిపించాలి. కనిపించలేదో, సింగన్న తోట విడిచి వెళ్ళాలి, నువ్వు కొలువు విడిచి వెళ్ళాలి."

ఆ సాయంత్రం కోనప్ప పెరట్లోకి వెళ్ళి పిల్లల్ని తనే తీసుకువచ్చాడు. తొట్టి దగ్గర కూర్చోబెట్టి వాళ్ళ కాళ్ళు కడుగుతుంటే చామంతి మూతి ముడిచింది.

"నాన్నా, రేపటి నుంచి నాకు జోడీ లేదు. శాస్త్రిగారి పిల్లలు అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిపోతున్నారట."

కోనప్ప చేతిలో చెంబు ఆగింది. "ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే. బండి కూడా కట్టించారట. పది రోజులు పెరటి వైపు రావద్దన్నారట వాళ్ళ నాన్న."

"పది రోజులనే అన్నాడా? సరిగ్గా విన్నావా?"

"అబ్బా! రెండుసార్లు విన్నాను నాన్నా. మీ కూతుర్నే కదా."

కోనప్ప తోటకు పరుగెత్తాడు. సింగన్న తల గోక్కుంటూ ఇంకో సంగతి చెప్పాడు. "బస్తాలు దించేటప్పుడు శాస్త్రిగారు మూతికి గుడ్డ కట్టుకున్నారు బాబూ. నా మంచినీళ్ళ కుండ దూరంగా పెట్టుకోమన్నారు. ఆ మాట మాత్రం మంచిగానే చెప్పారు."

ఇక అనుమానం లేదు. కానీ సభలో చెబితే ఏమవుతుంది? పిల్లలు పెళ్ళికి వెళ్ళారంటాడు శాస్త్రి. పది మందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం రాజుగారికి అలవాటు లేదు. పైగా మరో నాలుగు బస్తాలు చల్లించమంటాడు. ఆయనకు ఏ సంగతైనా తన దాకా వస్తేనే తెలుస్తుంది.

కోనప్ప పెరడంతా కలయజూశాడు. గోడ వారన నులకమంచాల మీద తెల్లటి పాత పంచెలు పరిచి ఉన్నాయి. వాటి నిండా బూడిద గుమ్మడికాయ వడియాలు. ఎండాకాలం వస్తే వంటశాల అచ్చమ్మ అక్కడే వాటిని ఎండబెడుతుంది. రాజుగారికి అవి లేనిదే ముద్ద దిగదు.

కోనప్ప ముఖం విప్పారింది. తిన్నగా వంటశాలకు వెళ్ళాడు. "అచ్చమ్మక్కా, నాలుగు బస్తాల బియ్యప్పిండి కావాలి. నూకలున్నా సరే."

"ఇంత పిండి ఎవరి పెళ్ళికి తమ్ముడూ?"

"చీమల పెళ్ళికక్కా. రేపే ముహూర్తం."

శాస్త్రిగారి బస్తాలను ఆయుధశాలలో ఓ మూలగదిలో పెట్టించి తాళం వేశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి తాళం లాగి చూశాడు. ఇంటి దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి ఇంకోసారి లాగి చూశాడు.

మర్నాడు పొద్దున్నే కావలివాళ్ళకు సెలవు ఇచ్చి పంపించాడు. సింగన్న మనుషులు చేటలతో పిండి చల్లారు. రాజుగారు మేడ మీది నుంచి చూసేసరికి పెరడంతా తెల్లగా మెరిసిపోతోంది.

"భేష్!" అన్నాడు రాజుగారు. "శాస్త్రీ, ఈ పూట మీరు మాతోనే భోంచేయాలి."

వెండి పళ్ళేలు పెట్టారు. పప్పు, నెయ్యి వడ్డించారు. అచ్చమ్మ పళ్ళెం నిండా వేయించిన వడియాలు తెచ్చింది. కొంతసేపు ఆ గదిలో కరకరలు తప్ప వేరే మాట లేదు. శాస్త్రిగారు రాజుగారికంటే రెండు ఎక్కువే తిన్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ కోనప్ప ఎంతో మర్యాదగా అడిగాడు. "శాస్త్రులవారూ, మీ పిల్లలు అమ్మమ్మగారి ఊరు క్షేమంగా చేరారా?"

"ఆఁ... చేరే ఉంటారు."

"ఏమిటి, పిల్లల్ని ఊరికి పంపారా?" అన్నాడు రాజుగారు. "ఇంత ఎండలోనా? ఎందుకు?"

"ఊరికే ప్రభూ. గాలి మార్పుకు."

"వడియాలు ఎలా ఉన్నాయి ప్రభూ?" అన్నాడు కోనప్ప.

"అమోఘం! ఈసారి కారం సరిగ్గా కుదిరింది."

"ఇందాకే పెరట్లో మంచాల మీద నుంచి తీసి వేయించారు ప్రభూ. తెల్లపొడి చల్లేటప్పుడు గాలి కూడా అటే వీచింది. వాటి మీద కొంచెం పడే ఉంటుంది."

మొదట లేచింది శాస్త్రిగారు. నోట్లో ఉన్నది చేతిలోకి ఊసి, "మజ్జిగ! నెయ్యి! వైద్యుణ్ణి పిలవండి! ఓరి నాయనోయ్, ఏడు తిన్నాను!" అని పొట్ట పట్టుకుని కూలబడ్డారు. ఆయన భుజం మీది తృణకేసరి బిరుదుపట్టీ జారి పప్పులో పడింది.

రాజుగారి చేతిలో వడియం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "శాస్త్రీ! చంటిబిడ్డ దొర్లినా ఏమీ కాదన్నావు కదయ్యా!"

"దొర్లడం వేరు, తినడం వేరు ప్రభూ!"

"ఆ సంగతి చంటిబిడ్డలకు ఎవరు చెబుతారు స్వామీ?" అన్నాడు కోనప్ప. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. "వాళ్ళు ఆ నేల మీదే ఆడతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. మీ పిల్లల సంగతి మీకు గుర్తుంది, బండి కట్టించారు. బండి లేనివాళ్ళ పిల్లలు ఎక్కడికి పోవాలి?"

రాజుగారు వడియాన్ని పళ్ళెంలో పెట్టాడు. ఆయన ముఖం పాలిపోయింది. "కోనప్పా... నేను ఐదు తిన్నాను."

కోనప్ప చేతులు జోడించాడు. "ఇంకో ఐదు తినండి ప్రభూ. అది బియ్యప్పిండి. శాస్త్రిగారి బస్తాలు ఆయుధశాలలో తాళం వేసి ఉన్నాయి. తాళం రెండుసార్లు లాగి చూశాను."

అచ్చమ్మ కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. రాజుగారు గిరుక్కున తిరిగాడు. "అంటే నా ఆజ్ఞను కాదన్నావా?"

"లేదు ప్రభూ. పెరడు మధ్యాహ్నానికి పాలు ఒలికినట్టు కనిపించాలన్నారు. కనిపించింది, తమరు భేష్ అన్నారు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు."

రాజుగారు పెరటి వైపు చెయ్యి చూపించాడు. "సరే, నా గడ్డి మాటేమిటి? దసరాకు ఆ మీసాలాయన వస్తాడే!"

"ఒక్కసారి కిందికి దయచేయండి ప్రభూ."

కిందికి వెళ్ళేసరికి పెరడంతా ఒకటే కిచకిచలు. నూకల కోసం దిగిన పిచ్చుకలు, వాటిని చూసి వచ్చిన గోరువంకలు. గోరువంకలు పిండిని రెండుసార్లు పొడిచి వదిలేసి, ఎండిన మచ్చల్లో నేలను పొడుస్తున్నాయి. సింగన్న వంగి ఎండిన గడ్డిని పట్టి లాగితే వేర్లు లేక చాపలా చుట్టుకు వచ్చింది. దాని కింద తెల్లగా, లావుగా, ముడుచుకున్న వేరుపురుగులు. గోరువంక ఒకటి రాజుగారి కాలి పక్కనే దిగి ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

"గుంటలు చేస్తున్నాయని తమరు తరిమింది వీటినే ప్రభూ" అన్నాడు సింగన్న భయపడుతూ. "కందకం అవతల పోసిన కప్పలు కూడా ఇవే తినేవి. మనం వాటిని తరిమి, పొద్దస్తమానం నీళ్ళు పోసి నేల మెత్తగా ఉంచాం. పురుగులకు విందు పెట్టినట్టయింది."

"మరి పచ్చిక?"

కోనప్ప వెనక గోడ మూలకు తీసుకువెళ్ళాడు. అది చెత్తకుప్ప. సింగన్న రోజూ పీకి పడేసిన గరిక అక్కడే వేళ్ళు తన్ని, కుప్పంతా పాకి, గోడ వార పొడుగునా పరుచుకుంది. చుక్క నీరు ఎవరూ పోయలేదు. రోజూ ఇరవై మంది పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఆ ఎండలో అది పచ్చగా, దట్టంగా, నిగనిగలాడుతూ ఉంది.

"చలిదేశపు గడ్డి మంచిదే ప్రభూ" అన్నాడు కోనప్ప. "కానీ దాని మంచితనం దాని చలిలో ఉంది. దీనికి మన ఎండే బలం. తమరు నాలుగు నెలలుగా పీకించినా చావని దాన్ని ఈ రాజ్యంలో ఇంకెవరు చంపగలరు? వానలు పడగానే దీని పిలకలు పెరడంతా నాటిస్తే దసరాకు తివాచీ సిద్ధం."

రాజుగారు అటూ ఇటూ చూసి పాదరక్షలు విప్పాడు. ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. వేళ్ళు కదిపి చూసుకున్నాడు.

"ఒరేయ్ కోనప్పా! మెత్తగా ఉందిరా!" అని పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ ఆ చెత్తకుప్ప మీదే చతికిలబడ్డాడు. "నాలుగు నెలలు కూలీ పెట్టి పచ్చికను చెత్తలో వేయించి, చెత్తను పచ్చిక అనుకున్నానా నేను!"

అక్కడికక్కడే మెడలోని ముత్యాలహారం తీసి కోనప్ప మెడలో వేశాడు. సింగన్నకు పట్టుపంచె. మార్కండ శాస్త్రికి మాత్రం రెండు పనులు అప్పగించాడు. ఒకటి, పళ్ళెంలో మిగిలిన వడియాలన్నీ పూర్తిచేయడం. రెండోది, కందకం అవతలి కప్పల్ని ఒక్కొక్కటే బతిమాలి తీసుకురావడం.

"ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు కోనప్పతో.

"ఆ నాలుగు బస్తాలూ ఊరికి దూరంగా, బావీ చెరువూ లేని చోట, రెండు నిలువుల గొయ్యి తీసి నా ఎదుటే పూడ్పించాలి ప్రభూ. పచ్చిక ఎంత బాగా పెరిగినా దాని మీద పిల్లలు ఆడుకోవచ్చని ఆజ్ఞ వేయాలి."

రెండూ ఆ పూటే జరిగాయి.

మర్నాడు సాయంత్రం కోనప్ప ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంటే, ఒళ్ళంతా గడ్డిపరకలతో చామంతి పరుగెత్తుకు వచ్చింది. వెనకాలే అప్పన్న, మూతి నిండా మట్టితో.

"నాన్నా! శాస్త్రిగారి బండి తిరిగి వచ్చేసింది! నాకు జోడీ దొరికింది!"

కోనప్ప పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, నోరు తెరిపించి, వేలితో మట్టంతా తీశాడు. వేలిని వాసన చూశాడు. ఉత్త మట్టి వాసనే. అయినా ఇంకోసారి చూసి, నవ్వుకుని, చెంబు కోసం లేచాడు.