జాగారం దండ

ఓబులమ్మ ఇక మఠానికి రానని చెప్పడానికే ఆ పొద్దున మఠానికి వచ్చింది. వెనకాల మొగుడు వీరన్న, అతని భుజం మీద ఎనిమిది నెలల గంగి, రెప్ప వాల్చకుండా లోకమంతా చూస్తూ.

పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు కోడికునుకే. తల్లీదండ్రీ వంతులు వేసుకుని మోస్తున్నారు. తిన్నావా తల్లీ అని అడిగే నోరు ఒక్కటీ లేదు గాని, దిష్టి తీశావా, నీ పాలు పడటం లేదేమో అని ఆరాలు తీసే నోళ్ళు ఊరినిండా ఉన్నాయి.

ఆ రోజు శివరాత్రి మర్నాడు. రాత్రంతా జాగారం చేసినవాళ్ళలో ఒకరికి గురువు సిద్ధమ్మవ్వ తన చేత్తో మారేడు దండ వేయడం ఆ మఠంలో ఆనవాయితీ. పదకొండేళ్ళుగా ఆ దండ పెద్ద శిష్యుడు పరమేశప్పదే. ఈసారీ విభూతి దట్టంగా పట్టించి, మెడ చాపుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

"అవ్వా, నా దీక్ష వెనక్కి తీసేసుకో," అంది ఓబులమ్మ. "ధ్యానానికి కూర్చుంటే కునుకొస్తుంది. మంత్రం సగంలో మరిచిపోతున్నా. తల్లిగానూ పనికిరాలేదు, నీ శిష్యురాలిగానూ పనికిరాలేదు."

"నిన్న పూజకే రాలేదు ఈమె," అన్నాడు పరమేశప్ప. "నిద్ర ఆపుకోలేనివాళ్ళకు దీక్షలెందుకో!"

అవ్వ అతని వైపు చూడను కూడా లేదు.

"రాత్రి ఏం చేశావే?"

"దీన్నెత్తుకుని తిరిగినా. కోడి కూసినాక ఆయనెత్తుకున్నాడు."

"మొన్న?"

"అదే."

"అటు మొన్న?"

"అదేనవ్వా. ఏ రాత్రయినా అదే."

అవ్వ దండ పట్టుకుని లేచింది. పరమేశప్ప మెడ ఇంకో బెత్తెడు సాగింది. దండ ఆ మెడను దాటిపోయింది. అవ్వ దాన్ని నడిమికి పుటుక్కున తెంపి, సగం ఓబులమ్మ మెడలో, సగం వీరన్న మెడలో వేసి ముడేసింది. గంగిని తెచ్చి పరమేశప్ప ఒళ్ళో కూలేసింది.

"పొద్దు గూకేదాకా నీ పూజ ఇదే నాయనా. మీరిద్దరూ నా గదిలోకి పోయి పడుకోండి. పోండి!"

వాళ్ళు లోపలికి పోయాక తలుపు దగ్గరికి వేసి, గడప మీద తనే కాపలా కూర్చుంది.

ఓబులమ్మ కళ్ళు తెరిచేసరికి ఎండ పడమటికి వాలింది. బయట ఒకటే గోల. పిల్లకేమైందోనని పరుగెత్తుకొచ్చింది.

వాకిట్లో పరమేశప్ప! జుట్టుముడి ఊడిపోయి, గడ్డం నిండా పిల్ల పూసిన విభూతితో, గంగిని భుజానెత్తుకుని గుర్రంలా గెంతుతున్నాడు. ఆగితే పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. చుట్టూ మఠం మఠమంతా తాళాలు కొడుతూ చిందులు! గంగి కేరింతలకు గోడ మీది పావురాలు లేచిపోతున్నాయి. ఎంత బాగుంది దాని నవ్వు! ఆ నవ్వును నింపాదిగా చూసే ఓపిక ఓబులమ్మకు ఎనిమిది నెలల్లో ఈ పూటే వచ్చింది.

"తల్లీ," అన్నాడు పరమేశప్ప రొప్పుతూ. "రేపూ ఇంతేనా?"

"రేపూ ఇంతేనన్నా!" ఓబులమ్మ పకపకా నవ్వేసింది.

అతను పిల్లను ఇవ్వబోయి, ఇవ్వలేదు. ఇంకో చుట్టు తిరగడానికి బయల్దేరాడు.

"దీనికి నిద్రెప్పుడు పడుతుందవ్వా?"

"నాకేం తెలుసే," అంది సిద్ధమ్మవ్వ. "నువ్వు రేపు కూడా వచ్చి పడుకో. వీళ్ళు మేలుకోవడం నేర్చుకుంటారు."