జీపు దాటని వంతెన

ఉదయం పదయింది. సన్నగా ముసురు పట్టింది. జిల్లా కోర్టులో సర్కారు తరఫున సివిల్ అప్పీళ్లు నడిపే ప్లీడరు సువర్చలకు, సర్కారు ఓడిన ప్రతి దావాకూ ముందూవెనకా చూడకుండా అప్పీలు వేసి స్టే అడిగేసే అలవాటు ఉండేది.

ఆ రోజు వంతు ఏటి వంతెనది. మరమ్మతు అయ్యేదాకా దాని మీద బస్సు నడపొద్దని, చుట్టుతోవన పంపమని కింది కోర్టు తీర్పు ఇచ్చింది. దావా వేసింది ఏటి అవతలి తల్లులు. ఆ బస్సులోనే వాళ్ల పిల్లలు బడికి వెళ్లేవారు. మధ్యాహ్నం స్టే వస్తే, మర్నాడే బస్సు మళ్లీ వంతెన ఎక్కుతుంది.

వరండాలో ఆ తల్లుల్లో ఒకామె, మంగాయమ్మ, ఎదురు నిలబడింది.

"అమ్మా, ఆ వంతెన ఎప్పుడైనా చూశారా?"

"ఫైలు చూశానమ్మా. గట్టిగానే ఉందట."

"బస్సు ఫైలు మీద పోదు కదమ్మా!"

గుమాస్తాలు కిసుక్కుమన్నారు. సువర్చలకు ఒళ్లు మండింది. "సరే, చూసే వస్తాను" అని, వంతెన గట్టిదని ఫైల్లో రాసిన సర్కారు ఇంజనీరు దశరథరావును వెంటబెట్టుకుని ఆయన జీపులోనే బయలుదేరింది.

దారి పొడుగునా ఆయన "రాయిలాంటి వంతెన మేడం, మీకెందుకు బెంగ" అంటూనే ఉన్నాడు. తీరా వంతెన దగ్గరికి రాగానే డ్రైవరు భుజం తట్టాడు.

"ఇక్కడే ఆపవయ్యా. నడిచి వెళ్దాం."

"నడవడమెందుకండీ? జీపులోనే దాటేద్దాం" అంది సువర్చల.

"అబ్బే, వాన కదా మేడం. జీపుతో ఎందుకొచ్చిన రిస్కు?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సువర్చల వంతెన కేసి చూసింది. తనకూ బడికెళ్లే కూతురుంది.

"జీపుకే రిస్కయితే, పిల్లల బస్సుకు కాదూ?"

"అది వేరండీ. పైనుంచి ఆర్డరు. స్టే తేకపోతే మీ పదవి పొడిగించరు. ఆలోచించుకోండి."

"ముందు మీరు జీపు దాటించండి. ఆ తర్వాత నేను స్టే అడుగుతాను."

ఆయన కదల్లేదు.

మధ్యాహ్నం కేసు పిలిచారు. సువర్చల లేచి, "స్టే అడగడం లేదండీ" అంది.

"సర్కారు అలా చెప్పిందా?" జడ్జి కళ్లజోడు పైకెత్తాడు.

"లేదండీ. అడగమనే చెప్పింది. ఆ వంతెన గట్టిదని నా నోటితో నేను చెప్పను."

స్టే రాలేదు. సువర్చల పదవి పోయింది.

ఆ వానల్లోనే ఏరు పొంగింది. ఒక సాయంత్రం, బడి విడిచే వేళకు, వంతెన నడుమ విరిగి నీళ్లలో పడింది. కబురు వినగానే సువర్చల ఆటో ఎక్కి చుట్టుతోవన అవతలి ఊరు చేరింది. మంగాయమ్మ పక్కన నిలబడి బస్సు కోసం చూసింది. చీకటి పడుతుండగా అదే చుట్టుతోవన బస్సు వచ్చింది. దిగుతున్న పిల్లల్ని ఒక్కొక్కరినే వేలు పెట్టి లెక్కించింది. మధ్యలో తడబడి మళ్లీ మొదటినుంచీ లెక్కించింది. అందరూ వచ్చారు.

తప్పని తెలిశాక, ఎవరి జీతం తీసుకుంటున్నా సరే, దాని తరఫున నోరు విప్పకూడదు.