నాలుగో అంచు

ఏం చూశారో చెప్పండి.

మీ ముందు ఒక కాగితం పెట్టాననుకోండి. నీలం రంగు. శిరస్త్రాణం పెట్టుకున్న ఓ దేవత ముఖం. ఇరవై, దాని పక్కన మూడు సున్నాలు. అంచుల వెంట సన్నటి రంధ్రాలు. నేను ధర అడగడం లేదు. ధర చెప్పడానికి ఈ లోకంలో జనానికేం కరువు లేదు. ఏం చూశారు? అంతే.

త్రినాథ్‌కి ఈ ప్రశ్నంటే ఒళ్ళు మంట. ఏళ్ళ తరబడి వింటున్నాడు మరి.

అడిగేది ఉస్తాద్ ఖాదర్ వలీ. ఆయన దుకాణం విశాఖపట్నం వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక సందులో ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఓడల మీద పనిచేశాడు. నడుం వంగాక ఒడ్డున కూర్చుని, నావికులు వదిలేసిపోయిన దేశదేశాల నోట్లు పోగేసి అమ్ముకునేవాడు. శుక్రవారం దర్గా కొండ. మిగతా రోజులు భూతద్దం.

రైల్వేలో గుమస్తాగా ఉన్న త్రినాథ్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చేవాడు, నోటు చూడటం నేర్చుకోవడానికి. అంచులు పట్టుకుని ఎత్తడం, వెలుగుకి పెట్టి నీటిగుర్తు వెతకడం, ఇస్త్రీ చేసి మడత దాచిన నోటును వేళ్ళతో పసిగట్టడం. అన్నీ వచ్చేశాయనే అతని నమ్మకం. కానీ ఏ నోటు ముందు పెట్టినా ఉస్తాద్ ధర అడగడు. "ఏం చూశావు?" అంటాడు. త్రినాథ్ చెప్తాడు. "ఇంకా?" అంటాడు. అక్కడికి త్రినాథ్ ఓపిక అయిపోతుంది.

త్రినాథ్‌ది గ్రీసు నోట్ల పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ దేశం అచ్చువేసిన నోట్లు. కొత్త డబ్బు అని మొదలుపెట్టారు. చూస్తుండగానే దాని మీదా సున్నాలు మొలిచాయి. వెయ్యి, అయిదు వేలు, పది వేలు. చివరికి ప్రభుత్వమే మూడు సున్నాలు కొట్టిపారేసింది. ఇరవై వేలు కాస్తా ఇరవై అయింది. మనుషులు కష్టపడి దాచుకున్నదాన్ని కలం పోటుతో ఎలా మారుస్తారో తెలియాలంటే ఆ నోట్లు చూడాలి. త్రినాథ్ చూసింది మాత్రం అరుదైనదా కాదా అన్నదే.

వరసంతా అతని ఆల్బంలో చేరింది, ఒక్క ఇరవై వేల నోటు తప్ప. దాని కోసం పేజీలో వదిలిన అర పన్ను ఊడిన నోరులా కనిపించేది అతనికి. వచ్చే ఆదివారం హైదరాబాదులో పాత నోట్ల ప్రదర్శన. అర ఖాళీగా పెట్టుకుని వెళితే న్యాయనిర్ణేతలు పేజీ తిప్పేసి పోతారు. తిండి సయించడం లేదు. ఆఫీసులో కూర్చుంటే కాళ్ళు ఆగడం లేదు.

సరిగ్గా అలాంటి రోజు మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. కొంగు ముడి విప్పి ఒక కాగితం బల్ల మీద పెట్టింది.

"సాయిబు గోరూ, ఇదేటో సూడండి. మా అయ్యది. నాను సంటిబిడ్డగా ఉన్నప్పుడు ఓడెక్కి ఎల్లినోడు మరి రాలేదు. ఆయన సొక్కా ఒకటొచ్చింది, దాంట్లో ఇదుంది. సొక్కా గుడ్డ బొంతలో కలిసిపోయింది. ఇది మాత్రం డబ్బేమోనని మాయమ్మ దాసింది. మొన్న తుపానుకి ఇంటి మీద రేకులెగిరిపోనాయి. దీనికేటైనా వొత్తాదేమోనని."

త్రినాథ్ వంగి చూశాడు. ఇరవై వేలు. నీలం. ఖాళీ అర కళ్ళ ముందే నిండిపోయింది. అయినా ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ విద్య ఉస్తాద్ నేర్పింది కాదు.

"దీనికి పెద్ద రేటు రాదమ్మా," అన్నాడు. "చూడు, అంచులన్నీ బొక్కలు. బ్యాంకు పిన్నులు. బొక్క పడ్డ నోటుకి విలువ పోయినట్టే. సరేలే, నేనే తీసుకుంటాను."

మన దేశంలో నోట్లు పోగేసేవాళ్ళందరికీ ఈ మాట నోటికి అలవాటు. మన బ్యాంకుల్లో కట్టలకి పిన్నులు కొట్టేవారు. ఏ పాత నోటు తీసినా రంధ్రాలే. చూసీ చూసీ కన్ను మొద్దుబారుతుంది. రంధ్రం కనిపిస్తే చాలు, నోరు పిన్ను అనేస్తుంది. సముద్రాలు దాటొచ్చిన నోటైనా సరే.

పైడమ్మ నవ్వింది. "అదీ బొక్కలదేనా? బాగుంది. మనిసి రాలేదు, కబురు రాలేదు, ఒచ్చిన కాయితం కూడా సిల్లులదే. ఎల్లీటప్పుడు మాత్రం ఊరికే ఎల్లలేదు బాబూ. నా పుట్టెంటికలు సింహాచలం అప్పన్నకి ఇయ్యకముందే ఓ కుచ్చు కత్తిరించి పట్టుకుపోనాడంట. దేవుడి సొమ్ము దొంగిలించాడు, అందుకే సముద్రం మింగేసిందని మాయమ్మ సచ్చేదాకా తిట్టింది."

త్రినాథ్ జేబులో చెయ్యి పెట్టాడు. ఎంతో కొంత ఇచ్చి ముగించాలని అతని తొందర.

"త్రినాథూ," అన్నాడు ఉస్తాద్. "ఏం చూశావు?"

"ఇరవై వేల నోటు ఉస్తాద్. రెండు మడతలు. పిన్ను బొక్కలు."

"ఇంకా?"

"ఇంకేముంది?"

ఉస్తాద్ సొరుగు లాగి సూదీ తెల్లదారం తీశాడు. తన భుజం మీది రుమాలు దులిపి బల్ల మీద పరిచాడు. "చెల్లెమ్మా, నీ కాగితానికి ఏమీ కాదు. నాది పూచీ," అని ఆమెకి చెప్పి, సూది త్రినాథ్ చేతికిచ్చాడు.

"దీన్ని ఈ గుడ్డకి కుట్టు. ఉన్న బొక్కల్లోంచే. కొత్తది ఒక్కటి పడిందా, రేపట్నించి రావద్దు."

"నోటును కుట్టడం ఏమిటి ఉస్తాద్?"

"పిన్ను కొట్టొచ్చు గానీ సూది పెట్టకూడదా?"

త్రినాథ్ దారం ఎక్కించడానికే అవస్థ పడ్డాడు. ఎదురుగా ట్రంకు పెట్టెల కొట్టతను మెడ చాచి చూశాడు. "ఏం రైల్వే బాబూ, అక్కడ ఉద్యోగం పోయిందా? మా లాగులు కూడా కుట్టిపెడతావా?"

త్రినాథ్ నోటు మీదికి వంగాడు. మొదటి రంధ్రం దొరకలేదు. రెండోదీ అంతే. ఆ తర్వాత సూది దానంతటదే దారి వెతుక్కోవడం మొదలుపెట్టింది. పిన్ను బొక్కలు జంటలుగా ఉంటాయి. ఇవి వరసలో ఉన్నాయి. ఒక్కోటి బియ్యపు గింజంత దూరంలో. పక్క అంచు దిగి మూలకి వచ్చేసరికి అక్కడ రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎవరో ఆ మూల ఊడకూడదని ఒకటికి రెండు కుట్లు వేశాడు. త్రినాథ్ కూడా రెండు వేశాడు. కింది అంచు సాగింది. మళ్ళీ మూల. మళ్ళీ రెండు కుట్లు. ఎప్పుడు ఆగాయో తెలీదు, బల్ల కింద ఊగుతున్న అతని కాళ్ళు ఆగిపోయాయి.

రెండో పక్క కూడా ఎక్కి పై అంచుకి వచ్చాడు. సూది ఆగింది. వెలుగుకి తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు.

"పై అంచుకి బొక్కల్లేవు ఉస్తాద్."

"ఓడ మీద మేం డబ్బు చొక్కాకి కుట్టుకునేవాళ్ళం," అన్నాడు ఉస్తాద్. "నాలుగు వైపులా. దొంగ చెయ్యి దూరకుండా." పై అంచు వేలితో చూపించి, "ఇతను మూడే కుట్టాడు. నువ్వూ అక్కడే ఆపు," అన్నాడు.

త్రినాథ్ ముడి వేశాడు.

పైడమ్మ రుమాలు తన వైపు లాక్కుంది. కుట్టని అంచు దగ్గర వేలు పెట్టింది. లోపలికి పోయింది. రెండో వేలు కూడా పెట్టింది.

"జోబు," అంది.

ఎదురు కొట్టతను మెడ వెనక్కి తీసుకున్నాడు.

"సొక్కా ఇప్పదీసినప్పుడు దీంట్లోంచి నల్లగా పీసులాంటిదేదో రాలిందనీది మాయమ్మ," అంది పైడమ్మ. "సెత్తనుకుని దులిపేసిందంట."

వేళ్ళు ఆ జేబులోనే ఉన్నాయి. రెండో చెయ్యి తలమీదికి పోయింది. నుదుటి పైన జుట్టు ఓసారి తడుముకుని అక్కడే ఉండిపోయింది.

తర్వాత త్రినాథ్ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"బొక్కలకి రేటు తగ్గిపోద్దన్నావు గదా బాబూ. ఎంత తగ్గుద్ది?"



ఉస్తాద్ భూతద్దం తుడుచుకుంటూ, "చెప్పరా. అడుగుతోంది," అన్నాడు.

త్రినాథ్ దారం కొరికి తెంపాడు. రుమాలు నోటు మడత పడకుండా చుట్టి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

ఆ ఆదివారం హైదరాబాదు రైలు అతను లేకుండానే వెళ్ళింది. ఆ వారంలోనే పైడమ్మ ఇంటి మీదికి కొత్త రేకులెక్కాయి. ఎలా వచ్చాయని ఉస్తాద్ అడగలేదు. ఆల్బంలో ఒక్క అర కాదు, ఇప్పుడు ఒక పేజీ మొత్తం ఖాళీగా ఉంది. దానికీ ఆయన ఏమీ అడగలేదు.

పైడమ్మ అడిగినదానికి మాత్రం ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. ధర చెప్పడం తెలిసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. చెప్పండి, ఆ బొక్కలకి ఎంత తగ్గిద్దాం?