రేవులో వెయ్యాల్సిన కేక

గండవరం కోటగోడ బీటలు వారిందని పొరుగుదేశపు మంత్రి నలుగురిలో అన్నాడట. గండవరం రాజు మండిపడ్డాడు. "వాణ్ణి ఏరు దాటించినవాళ్ల తల తీయిస్తా!"

మర్నాడు పడవ నడిపే నూకాలు తడిచీరతోనే కొలువుకొచ్చింది.

"ఆ మంత్రి అవతలి రేవులో కూర్చున్నాడు మారాజా. ఎక్కించుకోను. కానీ ఎవరినైనా వద్దంటే, ఎందుకో రేవంతా వినేలా మూడుసార్లు కేకెయ్యాలి. తాతలనాటి కట్టుబాటు. ఏమని వెయ్యను?"

"వరదొచ్చిందను" అన్నాడు సేనాపతి.

"మేకలు ఏట్లో దిగి నీళ్లు తాగుతున్నాయి బాబూ!"

"మాయరోగమను" అన్నాడు రాజవైద్యుడు.

"రేపటి సంతకి పురుగైనా రాదు."

రాజు అరిచాడు. "ఉన్నదే చెప్పు! గోడ బీటలు వారిందన్నాడని చెప్పు!"

"చిత్తం. ఆయన నలుగురికే చెప్పాడు, నేను రెండు రేవులకీ చెబుతాను. బీటలే లేకపోతే ఆయన్ని వచ్చి చూడనిస్తే ఏం పోయిందని జనం అడిగితే మాత్రం, నా దగ్గర జవాబు లేదు."

అంత కోపంలో ఉన్న రాజు ముందు ఆ మనిషి చూపు దించలేదు!

రాజు మెల్లగా లేచి ఆమె వెంటే రేవుకు నడిచి, సంతమనుషుల మధ్య పడవలో కూర్చున్నాడు. రెండొడ్ల జనమూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, అవతల దిగి మంత్రికి చెయ్యందించాడు.

"రండి, ఆ బీటెక్కడో నాకూ చూపించండి."