ఉప్పు చేతుల నాన్న

అనగనగా సముద్రం పక్కన ఉప్పు మడుల ఊరు ఒకటుండేదిరా కన్నా. ఆ ఊళ్ళో దానయ్య అని ఒకడు. తెల్లారిందంటే మడిలో దిగి ఉప్పు పోగు చేసేవాడు. ఆ ఉప్పునీళ్ళకి అతని చేతులు బీటలు వారిపోయాయి.

అతని పెళ్ళాం నూకరత్నం. తల్లి లేని పిల్ల పాపం, పురుడు అత్తారింట్లోనే పోసుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉండేది. ఉప్పు చేతులవాడు ఇరవై ఒక్క రోజులు పురిటి గడప దాటకూడదు, పసిదాని ఒళ్ళు పొక్కుతుందని. దానయ్య తల్లి సూరమ్మ ఆ గడపలోనే పీట వేసుకు కూర్చుంది. మొండి మనిషిలే.

అప్పుడు నూకరత్నానికి ఏమయిందో ఏమో, పిల్ల ఏడుస్తుంటే గోడకేసి చూసేది. కంటికి కునుకు లేదు, గొంతులోకి ముద్ద దిగదు. "దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండత్తా, నా వల్ల కాదు," అంది ఒకరోజు. ఎంత బెంగ ఉంటే ఆ మాట వస్తుంది చెప్పు! ఊళ్ళోవాళ్ళేమో కన్నప్రేమ లేనిదన్నారు. దానయ్య బయట నిలబడి అంతా వినేవాడు. పెళ్ళాం తనకి దక్కదేమోనని భయపడేవాడు.

మొదటిసారి సొరచేప తెచ్చాడు, పాలు పడతాయని. సూరమ్మ వండి పెట్టింది. కూర చల్లారిపోయింది, నూకరత్నం ముట్టలేదు.

ఆ తర్వాత తాయెత్తు తెచ్చాడు. సూరమ్మే కోడలి చేతికి కట్టింది. కట్టిన చెయ్యి కట్టినట్టే ఒళ్ళో పడి ఉంది.

మూడోసారి, పదమూడోనాడు పొద్దున్న, ఏమీ తేలేదు. మడికీ పోలేదు. చేతులు కుంకుడు రసంతో కడిగి, ఆముదం రాసి రాసి, గడప ముందుకొచ్చాడు.

"ఒరే, పిల్ల ఒళ్ళు పొక్కుతుందిరా!" అని అడ్డుపడింది సూరమ్మ.

"పొక్కితే మానుతుందే అమ్మా. దాని తల్లి పోతే ఎక్కణ్ణుంచి తేవాలి? లే."

గడప దాటాడు. పిల్లని ఎత్తుకున్నాడు. ఒళ్ళు పొక్కలేదు, పాడూ లేదు. ఆ గరుకు చేతుల్లో ముడుచుకుని ఊరుకుంది.

"నువ్వు పడుకో రత్నం. లేచేదాకా నేనుంటా."

నూకరత్నం ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. సాయంత్రం లేచి, "పిల్ల ఏడ్చిందా?" అని అడిగింది. పిల్ల గురించి అడగడం అదే మొదలు.

"ఏడ్చింది. నేనూ ఏడ్చాను," అన్నాడు దానయ్య.

అంతటితో బాగయిపోయిందనుకునేవు. లేదురా. ఆస్పత్రికి తిరిగారు, మందులు మింగింది. దానయ్య ఒక పూట మడిలో దిగి, ఇంకో పూట పిల్లకి నీళ్ళు పోశాడు, గుడ్డలుతికాడు. ఊరంతా నవ్వింది. నవ్వనీ. సూరమ్మ మాత్రం మళ్ళీ ఆ గడపలో పీట వెయ్యలేదు.

వానలు పడి మడులు మునిగేదాకా నూకరత్నం మొహాన నవ్వు లేదు. అన్నాళ్ళూ దానయ్య చేతులకి ఆముదం వాసన పోలేదు.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
అమ్మ చేరె పడకకి,
పాప నాన్న ఒడికి.