ఓడస్వామికీ తప్పని దండోరా

కందవరం రాజ్యాన్ని కాచే ఓడస్వామి ఎప్పుడో పరదేశం నుంచి పడవలో వచ్చిన సాధువు. పండుగనాడు ఆయన విగ్రహమున్న పల్లకీ దాటాకే ఎవరైనా పొలిమేర దాటాలి.

ఆ పండుగనాడే మంత్రి దండోరా వేయించాడు: "పరదేశంలో పుట్టినవాళ్లంతా పొద్దుగూకేలోగా దేశం విడిచిపోవాలి."

పల్లకీ బోయీ అప్పలసూరి భార్య పొరుగుదేశపు పిల్ల. అతను తోటి బోయీలను కేకేసి, స్వామి విగ్రహాన్ని పల్లకీ ఎక్కించి పొలిమేరకేసి పరుగు తీశాడు. ఊరు ఊరంతా వెంటపడింది.

మంత్రి రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడ్డాడు. "స్వామినెక్కడికి తీసుకుపోతున్నావురా?"

"దేశం దాటించడానికే దొరా. ఆయనా పరదేశంలో పుట్టినవాడే కదా. ముందు ఆయన దాటితే, వెనకే నా పెళ్లాం దాటుతుంది."

"నోర్ముయ్. ఆయన మనవాడు."

"ఎన్నాళ్లకు మనవాడయ్యాడు దొరా? నా పెళ్లానికీ అన్నాళ్లే గడువిప్పించండి."